కృష్ణా నదిలో అరుదైపోతున్న చేపలను శాఖలన్నీ కలిసి లెక్కించే విధానం

పులిచింతల నుంచి హంసలదీవి దాకా కృష్ణా నదికి కుడి గట్టున పల్నాడు, గుంటూరు, బాపట్ల జిల్లాలు, ఎడమ గట్టున మొదట కొంత దూరం తెలంగాణలోని సూర్యాపేట, తరువాత ఎన్టీఆర్, కృష్ణా జిల్లాలు ఉన్నాయి. ఈ దారిలో నీటిని ఆపేదీ వదిలేదీ జలవనరుల శాఖ, వేటను నియంత్రించేదీ చేపపిల్లలను వదిలేదీ మత్స్యశాఖ, ముఖద్వారం దగ్గరి మడ అడవులను కాపాడేది అటవీశాఖ, నీటి నాణ్యతను పరీక్షించేది కాలుష్య నియంత్రణ మండలి, విజయవాడ దగ్గర ప్రవాహాన్ని కొలిచేది కేంద్ర జలసంఘం. ఇందరూ ఎవరి పద్ధతిలో వారు రాసుకుంటూ పోతే, "విజయవాడలోని ప్రకాశం బ్యారేజీ ఎగువన వాలుగ చేప పదేళ్ల కిందటి కంటే తగ్గిందా, తగ్గితే ఎంత?" అన్న ఒక్క ప్రశ్నకు అన్ని కాగితాలూ కలిపి చూసినా జవాబు రాదు. దొరికిన చేపను అందరూ రాస్తారు. దాని కోసం ఎంత వల వేశారో, ఎన్ని గంటలు వేశారో, వేసినా ఏమీ దొరకని రోజులు ఎన్నో రాయరు. శాఖల మధ్య సహకారం అంటే సమావేశాలు పెట్టుకోవడం కాదని, వెతికిన శ్రమనూ దొరకని రోజునూ అందరూ ఒకే తీరుగా రాయడమని నా నమ్మకం. ఈ పని మొదలుపెట్టాలనుకునే మత్స్యశాఖ సిబ్బందికి, విశ్వవిద్యాలయ విద్యార్థులకు, మత్స్యకార సహకార సంఘాలకు పనికొచ్చేలా ఆ విధానాన్ని వరుసగా వివరిస్తున్నాను.

ఏ చేపలను లెక్కించాలి

మొదట జాబితా కుదరాలి. నదిలో ఉన్న ప్రతి చేపనూ లెక్కిస్తామని బయలుదేరిన కార్యక్రమం రెండో ఏడాదికే ఆగిపోతుంది కాబట్టి, ముప్పులో ఉన్న అయిదారు జాతులను, వాటితో పాటు విరివిగా దొరికే రెండు మూడు జాతులను ఎంచుకోవాలి.

ముప్పులో ఉన్నవాటిలో అందరికీ తెలిసినది వాలుగ. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్రజాబితాలో 2019 మదింపు ప్రకారం అది దుర్బల జాతి. నాటు మార్పు చేప, అంటే క్లారియస్ మాగుర్, అంతకంటే పై మెట్టులో, ప్రమాదంలో ఉన్న జాతిగా నమోదైంది. కృష్ణా, గోదావరి, కావేరి నదుల్లో బతికే సిలోనియా చిల్డ్రెనీ, దక్కను నదుల్లోని లేబియో పొటైల్ కూడా ఆ మెట్టులోనే ఉన్నాయి. సముద్రంలో గుడ్లు పెట్టి, నదిలోకి వచ్చి పెరిగే మలుగుపామును కూడా చేర్చాలి, ఎందుకంటే ముఖద్వారం నుంచి బ్యారేజీ దాకా దారి తెరిచి ఉందో లేదో దాని పిల్లలు చెప్పినంత స్పష్టంగా మరే చేపా చెప్పదు. నాగార్జునసాగర్ దగ్గర దొరికిన పంగాసియస్ సిలాసీ అనే చేపను శాస్త్రవేత్తలు 2017లోనే కొత్త జాతిగా వర్ణించారు. ఇంత పెద్ద నదిలో, ఇంతమంది వేటాడే చోట, మొన్నమొన్నటి దాకా పేరు లేని చేప ఉందంటే మనం ఎంత తక్కువ చూశామో అర్థమవుతుంది.

విరివిగా దొరికే జాతులు ఎందుకంటే, అవి కొలబద్దలా పనికొస్తాయి. జెల్ల, మోసు, బొమ్మిడాయి కూడా ఆ ఏడు తగ్గితే వలలోనో నీటిమట్టంలోనో తేడా ఉందని అనుమానించాలి. అవి ఎప్పటిలాగే పడుతూ వాలుగ ఒక్కటే తగ్గితే ఆ తగ్గుదలను నమ్మవచ్చు. అయితే మత్స్యశాఖ నదిలో పిల్లలను వదిలే బొచ్చె, శీలావతి వంటి జాతులను కొలబద్దగా తీసుకోకూడదు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద నదుల్లో పిల్లలను వదులుతున్నారు కనుక, ఎక్కడ, ఏ తేదీన, ఏ జాతి, ఎన్ని వదిలారో ఆ వివరం సర్వే పట్టీ (లెక్కలు రాసే కాగితం) పక్కనే ఉండాలి. అది లేకపోతే వదిలిన చేపనే మళ్లీ పట్టుకుని నది కోలుకుందని రాసుకుంటాం.

నదిని భాగాలుగా విడదీయడం

జిల్లా సరిహద్దులను బట్టి కాకుండా నీటి స్వభావాన్ని బట్టి నదిని విడదీయాలి. పులిచింతల దిగువన పారే నీరు, అమరావతి నుంచి కిందికి బ్యారేజీ వెనుక నిలిచిన నీరు, బ్యారేజీ దిగువన వేసవిలో మడుగులుగా మిగిలే ఇసుక మేట, పెనుమూడి, పులిగడ్డల కిందికి ఉప్పు తగిలే పాయలు, మున్నేరు లాంటి ఉపనదులు, డెల్టా కాలువలు. ఒక్కో భాగంలో కొన్ని స్థిరమైన చోట్లు ఏటా తప్పకుండా చూడాలి, కొన్ని చోట్లను ఏటా చీటీ తీసి మార్చాలి. చేపలు ఎక్కువగా పడే రేవులనే ఎంచుకుంటే నది మొత్తం అలాగే ఉందన్న భ్రమ కలుగుతుంది.

ఎగువ భాగం గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తోంది. ఆ నీటితో పాటు చేపపిల్లలు, గుడ్లు వచ్చే అవకాశం ఉంది. అందువల్ల బ్యారేజీ ఎగువన దొరికిన అరుదైన చేప కృష్ణదేనని చూడగానే రాయకూడదు. రెక్క అంచు చిన్న ముక్క తీసి భద్రపరిస్తే, అది ఏ నది సంతతో తరువాత జన్యు పరీక్షలో తేల్చే వీలుంటుంది.

వల, గంట, కన్ను

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే కాబట్టి దీని మీద ఎక్కువ సమయం పెట్టాలి. రెండు సంస్థలు ఒకే వారంలో ఒకే రేవు దగ్గర లెక్క తీశాయని అనుకుందాం. మొదటి సంస్థ వంద మీటర్ల వలలు మూడింటిని పన్నెండు గంటలు ఉంచి ఆరు వాలుగలు పడ్డాయని రాసింది. రెండో సంస్థ యాభై మీటర్ల వల ఒకటి ఎనిమిది గంటలు ఉంచి నాలుగు పడ్డాయని రాసింది. సంఖ్యలు మాత్రమే చూసినవారికి మొదటి చోట చేప ఎక్కువ. వంద మీటర్ల వల ఒక గంట ఉండడాన్ని ఒక కొలతగా తీసుకుంటే, మొదటి సంస్థ శ్రమ ముప్పై ఆరు, రెండోదాని శ్రమ నాలుగు. మొదటిదానికి ఒక కొలతకు పడింది చేపలో ఆరో వంతు, రెండోదానికి ఒక చేప. అంటే రెండో సంస్థకు ఆరు రెట్లు ఎక్కువగా పడ్డట్టు. శ్రమ రాయని నివేదిక ఇలా నిజాన్ని తలకిందులు చేస్తుంది.

వల కన్ను విషయంలో ఇంకో చిక్కు ఉంది. కొందరు కన్నును ముడి నుంచి పక్క ముడికి కొలుస్తారు, కొందరు కన్నును సాగదీసి ఎదురెదురు ముడుల మధ్య కొలుస్తారు. రెండో కొలత మొదటిదానికి రెట్టింపు వస్తుంది. ఒకరి కాగితంలో ముప్పై మిల్లీమీటర్లు, మరొకరి కాగితంలో అరవై మిల్లీమీటర్లు అని ఉన్నవి ఒకే వల కావచ్చు. కాబట్టి అందరూ సాగదీసిన కొలతనే రాయాలని ఒప్పందంలో స్పష్టంగా పెట్టుకుని, సర్వే వలలన్నీ ఒకే చోట కొని పంచుకోవాలి. ఒకే వలకు చిన్న కన్ను నుంచి పెద్ద కన్ను దాకా నాలుగైదు ముక్కలు కలిపి కుట్టిస్తే చిన్న చేప, పెద్ద చేప రెండూ పడతాయి. చేప పొడవు విషయంలోనూ ఇంతే: మూతి నుంచి తోక చివర దాకా కొలిచిందీ, తోక మొదలు దాకా కొలిచిందీ వేరు. ఏది కొలుస్తున్నారో పట్టీలో ముందే అచ్చువేసి ఉండాలి.

సర్వే కోసం వేసిన గిల్‌నెట్ వలను రాత్రంతా వదిలేయకూడదు. రాత్రంతా మొప్పల దగ్గర చిక్కుకున్న చేప తెల్లారేసరికి చచ్చిపోతుంది. ముప్పులో ఉన్న జాతిని లెక్కించడానికి వెళ్లి దాన్నే చంపి రావడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. వేసిన వలను రెండు గంటలకోసారి పడవ మీద వెళ్లి ఎత్తి చూడాలి, ప్రాణంతో ఉన్నవాటిని నీరు నింపిన తొట్టిలో ఉంచి, కొలిచి, అదే చోట వదిలేయాలి. మత్స్యకారులు తమ జీవనం కోసం రాత్రి వేసుకునే వలల వివరాలు కూడా విలువైనవే. వాటిని వేరే పట్టీలో, "జాలరి వల" అన్న గుర్తుతో రాయాలి తప్ప సర్వే వలలతో కలపకూడదు.

ప్రతి పట్టీలో ఆ రోజు బ్యారేజీ నీటిమట్టం, దిగువకు వదులుతున్న క్యూసెక్కులు, నీటి ఉష్ణోగ్రత, నీటిలో కరిగిన ఆక్సిజన్ ఉండాలి. నీరు పెరిగితే చేప చెదిరిపోతుంది, అదే వలకు తక్కువ పడుతుంది. 2024 సెప్టెంబరు వరదలో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. అలాంటి వరద తరువాత తీసిన లెక్కను అంతకు ముందు ఏడాది లెక్కతో నేరుగా పోల్చడం తప్పు. నీటిమట్టం, క్యూసెక్కుల వివరం జలవనరుల శాఖ దగ్గర రోజూ ఉంటుంది కనుక చేపల బృందం దాన్ని మళ్లీ కొలవనక్కర్లేదు; అడిగి తెచ్చుకుని రాసుకుంటే చాలు. గేట్లు ఎత్తే సూచన ఉన్న రోజున పడవ దించకూడదు, అందుకోసం వరద నియంత్రణ గది ఫోను నంబరు ప్రతి బృందం దగ్గర ఉండాలి.

ఏడాదికి మూడు విడతలు చాలు. వరద తగ్గి నీరు తేరుకునే అక్టోబరు చివర, నవంబరు. చలికాలం చివర జనవరి, ఫిబ్రవరి. నీరు అడుగంటే ఏప్రిల్, మే. తొలకరి నీటితో చేపలు గుడ్లకు ఎదురీదే రోజుల్లో వలలు కట్టకూడదు. ఆ కాలంలో మున్నేరు లాంటి వాగుల్లో గట్టు మీది నుంచి చూసి రాసుకోవడం వరకే పరిమితం కావాలి.

దొరకకపోతే ఏం రాయాలి

సున్నా అని రాయాలి. ఖాళీగా వదిలేయకూడదు, ఎందుకంటే ఖాళీ గడి "చూడలేదు" అనీ కావచ్చు, "చూశాం, లేదు" అనీ కావచ్చు. అయితే సున్నా వచ్చిందని చేప లేదని తేల్చడం కూడా తగదు. ఒక చోట చేప నిజంగా ఉన్నప్పుడు ఒకసారి వెళితే అది వలలో పడే అవకాశం నూటికి ముప్పై అనుకుంటే, అయిదు సార్లు వెళ్లినా అది కనిపించకుండా పోయే అవకాశం నూటికి పదిహేడు దాకా ఉంటుంది. తొమ్మిది సార్లు వెళితే అది నాలుగుకు తగ్గుతుంది. అందుకే ఒకే చోటికి ఒకే విడతలో పలుమార్లు వెళ్లి, ప్రతిసారీ విడిగా రాయాలి. అలా రాసిన సున్నాలతోనే, చేప లేదా, లేక మన కంట పడలేదా అన్న తేడాను గణాంక నిపుణులు విడదీయగలుగుతారు.

గుర్తింపు: మార్పు దగ్గర మోసపోవద్దు

ఈ జాబితాలో పట్టీ రాసేవారిని ఎక్కువగా తికమక పెట్టేది మార్పు. పెంపకం మీద నిషేధం ఉన్నా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ చెరువుల నుంచి తప్పించుకుని కాలువల్లోకి, నదిలోకి చేరింది. రెండింటికీ నాలుగు జతల మీసాలు, రెండింటికీ వీపు పొడవునా సాగే రెక్క, రెండూ గాలి పీల్చి నీరు లేని చోట కొంతసేపు బతకగలవు. మీటరు పొడవున్న చేప దొరికితే సందేహం లేదు, నాటు మార్పు అంత పెరగదు. జానెడు చేప దొరికినప్పుడే చిక్కు. అప్పుడు చేతిలోని చేప మీద తీర్పు చెప్పేయకుండా, తడి గుడ్డ మీద పడుకోబెట్టి, పక్కన స్కేలు పెట్టి, ఎడమ వైపు నుంచి ఒక ఫొటో, తలను నేరుగా పై నుంచి ఒక ఫొటో తీయాలి. తల వెనుక ఎముక ఆకారం రెండు జాతుల్లో తేడాగా ఉంటుంది కనుక పై నుంచి తీసిన ఫొటో లేని మార్పు నమోదును లెక్కలోకి తీసుకోకూడదు. తరువాత రెక్క అంచు నుంచి బియ్యపు గింజంత ముక్క తీసి, నూటికి తొంభై అయిదు పాళ్ల ఆల్కహాలు ఉన్న చిన్న సీసాలో వేసి, సీసా లోపల పెన్సిలుతో రాసిన చీటీ పెట్టాలి. పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది. చనిపోయిన చేప దొరికితే ఫార్మాలిన్‌లో వేసే ముందే ఈ ముక్క తీయాలి, ఫార్మాలిన్ జన్యుపదార్థాన్ని పాడుచేస్తుంది.

ఏడాదికోసారి అన్ని శాఖల బృందాలనూ ఒకే చోట కూర్చోబెట్టి గుర్తింపు శిక్షణ ఇవ్వాలి. పేరు లేని ఫొటోలు ఇచ్చి ఎవరికి వారు రాసిన జవాబులు సరిచూడాలి. ఎవరు తప్పు రాశారని పట్టుకోవడం దీని ఉద్దేశం కాదు. ఏ జాతి దగ్గర అందరూ తడబడుతున్నారో తెలిస్తే ఆ జాతి లెక్కను ఎంత నమ్మాలో తెలుస్తుంది. ఒకే చేపను సీతానగరంలో ఒక పేరుతో, నాగాయలంకలో మరో పేరుతో పిలుస్తారు కాబట్టి పట్టీలో జాలరి చెప్పిన పేరు ఒక గడిలో, శాస్త్రీయ నామం మరో గడిలో ఉండాలి. ఫొటోలను హైదరాబాద్‌లోని భారత జంతు సర్వే మంచినీటి జీవుల కేంద్రానికో, లక్నోలోని జాతీయ మత్స్య జన్యు వనరుల బ్యూరోకో పంపి సందేహాలు తీర్చుకోవచ్చు. విజయవాడలోనే కేంద్రీయ మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ ప్రాంతీయ కేంద్రం, గుంటూరు దారిలో నాగార్జున విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగం ఉన్నాయి. శిక్షణకు దూరం వెళ్లవలసిన అవసరం లేదు.

చేపల బజారులో కనిపించిన వాలుగను నది లెక్కలో వేయకూడదు. కైకలూరు చెరువుల నుంచి వచ్చిందో, గోదావరి నుంచి వచ్చిందో అమ్మే మనిషికీ తెలియకపోవచ్చు. ఏ రేవులో, ఏ పడవ నుంచి దిగిందో తెలిసినప్పుడే అది నమోదుకు అర్హం.

కాలువలు కట్టేసినప్పుడు

నదిలో మనం తీసేది అంచనా మాత్రమే. నిజమైన లెక్క తీయగల చోటు ఒకటి ఉంది, దాన్ని ఇంతవరకు తగినంతగా వాడుకోలేదని నా అభిప్రాయం. రబీ నీరు పూర్తయ్యాక బందరు, ఏలూరు, రైవస్ కాలువలకూ, సీతానగరం వైపు పశ్చిమ డెల్టా కాలువకూ నీరు కట్టేస్తారు. నీరు తగ్గుతూ లాకుల కింద, తూముల కింద గుంటల్లో నిలుస్తుంది, బ్యారేజీ వెనుక నుంచి కాలువలోకి దిగిన చేపలు ఆ గుంటల్లో చిక్కుకుంటాయి. కొద్ది రోజుల్లో నీరు వేడెక్కి, ఆక్సిజన్ తగ్గి అవి చచ్చిపోతాయి, లేదా ఎవరో ఒకరు పట్టుకుపోతారు.

ఈ సంగతి అందరికంటే ముందు తెలిసేది కాలువ మీద పనిచేసే లస్కర్లకు. ఏ లాకు కింద గుంట లోతుగా ఉంటుందో, ఏ గుంట ఎన్ని రోజులు నిలుస్తుందో వారికి కంఠతా వచ్చు. నీరు కట్టేసే తేదీని జలవనరుల శాఖ రెండు రోజుల ముందు మత్స్యశాఖకు తెలియజేయాలని, లస్కరు చెప్పిన గుంటల జాబితాను అదే సందేశంలో పంపాలని ఒప్పందంలో రాసుకోవాలి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

గుంట దగ్గరకు బృందం తెల్లవారుజామునే వెళ్లాలి, నీరు చల్లగా ఉన్నప్పుడే పని పూర్తి కావాలి. నీరు అటూ ఇటూ పారకుండా తెగిపోయిన గుంటలో అలివి వలను ఒకేలా మూడు సార్లు లాగాలి, ఒక్కో లాగుడులో దొరికిన చేపలను తిరిగి గుంటలో వదలకుండా వేరే తొట్లలో ఉంచాలి. మొదటి లాగుడులో ఇరవై, రెండోదానిలో పన్నెండు దొరికాయనుకుందాం. ఇరవైని ఇరవైతో గుణించి, ఇరవైకీ పన్నెండుకీ ఉన్న తేడా ఎనిమిదితో భాగిస్తే యాభై వస్తుంది. అంటే గుంటలో మొదట సుమారు యాభై చేపలు ఉన్నట్టు. మూడో లాగుడులో ఏడు వస్తే ఆ అంచనా సరిగా ఉన్నట్టే. పదిహేను వస్తే వల కింద నుంచి చేప తప్పించుకుంటోందనో, ఎక్కడి నుంచో కొత్తగా నీరు చేరుతోందనో అర్థం, ఆ గుంట లెక్కను పక్కన పెట్టాలి. ఈ పద్ధతి చేపలు బయటికి పోలేని, లోపలికి రాలేని నీటికే వర్తిస్తుంది కాబట్టి పారే నదిలో వాడకూడదు.

లెక్క పూర్తయ్యాక నాటు చేపలను అవి వచ్చిన చోటికే, అంటే బ్యారేజీ ఎగువ నీటిలోకే చేర్చాలి. దిగువన వదిలితే అవి తిరిగి ఎగువకు ఎక్కలేవు. గాలి పంపు పెట్టిన తొట్లలో తీసుకెళ్లి, తొట్టి నీటిలో నది నీటిని కొద్దికొద్దిగా కలిపి, రెండింటి వేడి సమానమయ్యాక వదలాలి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, తిలాపియా, జనం దెయ్యం చేప అని పిలిచే సక్కర్ క్యాట్‌ఫిష్ దొరికితే లెక్కలో రాసి, వాటిని మాత్రం మళ్లీ నీటిలో వదలకూడదు.

నీటి నమూనాతో జాతి గుర్తింపు

చేపల ఒంటి నుంచి నీటిలోకి రాలే జన్యుపదార్థాన్ని వడగట్టి ఏ జాతి ఉందో చెప్పే ఈడీఎన్ఏ పద్ధతి ఇప్పుడు అందుబాటులో ఉంది. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ)లో ముప్పులో ఉన్న జీవుల పరిరక్షణ కోసం నడిచే లాకోన్స్ ప్రయోగశాల దీని మీద పనిచేస్తోంది. ఒక్కో చోట లీటరు నీటిని మూడు సార్లు విడిగా వడగట్టాలి. దానితో పాటు శుద్ధమైన నీటిని కూడా అదే చోట, అదే పరికరంతో వడగట్టి పంపాలి. ఆ శుద్ధ నీటి వడపోతలో కూడా చేప గుర్తు వస్తే పరికరం మైలపడిందని తెలుస్తుంది. చేప పట్టిన చేతులతో, వలలు తడిసిన పడవలో ఈ పని చేయకూడదు.

విజయవాడ నగర పరిధిలో ఈ పద్ధతి ఫలితాన్ని నేను అంత తొందరగా నమ్మను. చేపల బజారు కడిగిన నీరు, ఇళ్ల మురుగు ఏదో ఒక దారిన కాలువల్లోకి, నదిలోకి చేరుతున్నంత కాలం, జనం వండుకుతిన్న చేప గుర్తు కూడా నీటిలో ఉంటుంది. అమరావతి, వైకుంఠపురం వైపు, మున్నేరులో ఈ పద్ధతి ఉపయోగం ఎక్కువ. అక్కడా అది జాతి ఉందో లేదో చెప్పడానికే పనికొస్తుంది తప్ప, ఎన్ని ఉన్నాయో చెప్పదు.

మత్స్యకారుల వాటా

ఈ విధానంలో మత్స్యకారులను సమాచారం ఇచ్చేవారిగా మాత్రమే చూస్తే అది నిలవదు. సంఘంలో కొందరు ప్రతి వేట రోజూ చిన్న డైరీ రాసేందుకు ఒప్పుకుంటే, పడవ అద్దె, రోజు కూలీ ముందే లెక్కగట్టి నెలనెలా చెల్లించాలి. డైరీలో వల పొడవు, కన్ను, వేసిన సమయం, తీసిన సమయం, ఎంచుకున్న జాతుల సంఖ్య చాలు. వారు రాసిన చోట్ల వివరాలను కేసులు పెట్టడానికి వాడబోమని రాతపూర్వకంగా ఇవ్వాలి. ఒక్కసారి ఆ నమ్మకం పోతే రేవులో ఎవరూ నిజం చెప్పరు. ప్రతి విడత ఫలితాన్నీ మొదట వారికే, తెలుగులో, రేవు దగ్గరే చదివి వినిపించాలి. మడుగుల్లో ఏది ఎండలేదో, ఏ ఏటి నుంచి వాలుగ సైజు తగ్గిందో వారు చెప్పే మాటలను పట్టీ చివర ప్రత్యేకంగా రాసుకోవాలి. స్థానిక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ రిజిస్టరులో కూడా ఈ సమాచారం చేరితే గ్రామం దగ్గర ఒక ప్రతి మిగులుతుంది.

ఒకే పట్టీ, ఒకే కాపరి

ప్రతి సర్వేకు తేదీ, చోటు, సంస్థ కలిపిన ఒక గుర్తు సంఖ్య ఇవ్వాలి. తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో, చోటును అక్షాంశ, రేఖాంశాల దశాంశ డిగ్రీల్లో అందరూ ఒకేలా రాయాలి. కాగితం పట్టీని పారేయకుండా ఫొటో తీసి దాచాలి, ఎందుకంటే కంప్యూటరులో ఎక్కించేటప్పుడు జరిగిన తప్పును సరిచేయడానికి అదొక్కటే ఆధారం.

మొత్తం సమాచారాన్ని ఒక సంస్థ కాపాడాలి. మిగతావారికి చూసే హక్కు, తమ భాగాన్ని సరిదిద్దే హక్కు ఉండాలి. మరొకరు సరిదిద్దితే పాత విలువ చెరిగిపోకుండా పక్కన నిలవాలి. ఒప్పందంలో బాధ్యతను మనిషి పేరున కాకుండా హోదా పేరున రాయాలి. అధికారులకు బదిలీలు తప్పవు, ఆసక్తి ఉన్న ఒక అధికారి వెళ్లిపోగానే పని పడకేయకుండా ఉండాలంటే ఇదొక్కటే మార్గం. డీజిలు, వలలు, ఆల్కహాలు, కూలీ ఏ శాఖ పద్దు నుంచి వస్తాయో కూడా అక్కడే తేల్చాలి.

బయటికి ప్రచురించేటప్పుడు ముప్పులో ఉన్న జాతుల చోటును దశాంశ డిగ్రీలో పదో వంతు దాకా, అంటే సుమారు పదకొండు కిలోమీటర్ల గడిగా మాత్రమే చూపాలి. ఏ మడుగులో గుడ్ల చేపలు చేరుతాయో బహిరంగంగా చెబితే వలలు అక్కడికే వెళతాయి.

ఏం కనిపిస్తే ఏం చేయాలి

లెక్కలు రాకముందే ఇది తేలాలి. వచ్చాక కూర్చుంటే ప్రతి శాఖా తనకు ఇబ్బంది లేని అర్థం చెబుతుంది. ఉదాహరణకు, వాలుగ లెక్క రెండేళ్లు వరుసగా తగ్గి కొలబద్ద జాతులు తగ్గకపోతే, ఆ భాగంలో చిన్న కన్ను వలల మీద నియంత్రణకు మత్స్యశాఖ ప్రతిపాదన పంపాలి. చేపలు చచ్చి తేలితే సమాచారం అందిన రోజే కాలుష్య నియంత్రణ మండలి నీటి నమూనా తీయాలి, ఆక్సిజన్‌ను తెల్లవారకముందు కొలవాలి, ఎందుకంటే రోజంతటిలో అది అతి తక్కువగా ఉండేది అప్పుడే. మధ్యాహ్నం వెళ్లి కొలిస్తే నీరు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. బ్యారేజీ దిగువ మడుగులు ఎండిపోయే స్థితికి వస్తే ఎంత నీరు వదలగలరో జలవనరుల శాఖ చెప్పాలి, ఆ జవాబు వీలుకాదు అన్నదైనా సరే రాతలో ఉండాలి.

వార్షిక సమావేశాన్ని మే నెలలో, కాలువ గుంటల లెక్క చేతికొచ్చాక, కాలువలకు మళ్లీ నీరు వదిలే తేదీ ఖరారు కాకముందు పెట్టుకోవాలి. ఆ రోజున ప్రతి శాఖా తన వివరణ కాకుండా తన సున్నాల పట్టీతో సహా పూర్తి పట్టీ తీసుకురావాలి, ఏ చోట ఎవరు వెళ్లలేదో మొదట చదవాలి, వచ్చే అక్టోబరులో ఆ చోట్లకు ఎవరు వెళతారో పేర్లు రాసుకున్నాకే మిగతా విషయాల్లోకి వెళ్లాలి.